ఒక్క ఈల ఆగడానికి

కూర్చోమన్నారు, కూర్చుంది. పిలిచినప్పుడు రమ్మన్నారు, ఇంకా పిలవలేదు. అంత తొందరగా ఎందుకు పిలుస్తారు, తప్పు చేసినవాళ్ళని కాసేపు బల్లమీద నానబెడితే గాని మెత్తబడరని బడి టీచర్లకి తెలుసు, ఆస్పత్రి వాళ్ళకి తెలుసు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి తెలుసు, ఈ సంఘం వాళ్ళకి తెలియకుండా ఉంటుందా! ఒళ్ళో కూతురు చిట్టి గుప్పిట బిగించుకుని కూర్చుంది. ఆ గుప్పిట్లో ఇత్తడి ఈల ఉంది. ఈల దారం కొస నోట్లో పెట్టుకుని నములుతోంది, వద్దే అని లాగబోయి ఆగిపోయింది తను, ఇంకాసేపట్లో ఎలాగూ లాక్కుంటారు, అందాకా నమలనీ. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది, గాలి లేదు, చప్పుడే. ఫినాయిలు వాసన. ఎదురుగా గోడకి నిలువెత్తు పోస్టరు. అందులో తను తోడుకి వెళ్ళే ఇంటి కండక్టరమ్మ, ఆవిడ ఒళ్ళో చిట్టి, ఇద్దరూ నోరంతా తెరిచి నవ్వుతున్నారు, కింద లావుపాటి అక్షరాలతో పెద్దల సంఘం, మీ ముసలితనానికి మా తోడు అని రాసి ఉంది. ఆ పోస్టరే కొంప ముంచింది. ఫొటోలో చిట్టి మెడలో ఈల వేలాడుతోంది. చేతిలో పట్టే ఫొటోలో అయితే ఎవరికీ కనపడేది కాదు, గోడంత చేసేసరికి ఈల కాస్తా గుమ్మడికాయంత అయింది, కమిటీలో ఎవరో కళ్ళజోడు సర్దుకుని ఆ ఈల ఎవరిదీ అని అడిగారట. ఫొటో తీసింది వాళ్ళు, నవ్వమన్నది వాళ్ళు, పెద్దది చేసి గోడకెక్కించింది వాళ్ళు, చివరికి తప్పు మాత్రం తనది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

నియమం తెలియక కాదు. సంఘంలో పనికి చేరినరోజే కార్యదర్శి మేడమ్ వేళ్ళు మడిచి మరీ చెప్పింది. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే తోడు మనిషి వాళ్ళ దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. పండు వద్దు, పాత చీర వద్దు, టీ చుక్క కూడా వద్దు, నీళ్ళ సీసా ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోవాలి. వరస కలిపి పిలవకూడదు, అమ్మగారూ అయ్యగారూ అనాలి. వెనకెప్పుడో ఒక తోడు మనిషి ఒక ముసలాయన్ని తాతా తాతా అంటూ చుట్టూ తిరిగి, చివరికి ఆయన ఇల్లు తన పేర రాయించుకున్నాడట, అప్పట్నుంచీ ఈ నియమం. ఆ దొంగవెధవ ఎక్కడున్నాడో, హాయిగా ఆ ఇంట్లోనే కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటాడు, వాడి పాపం తన నీళ్ళ సీసాకి చుట్టుకుంది. సంఘం చెడ్డదని అనడానికి నోరు రాదు, అదే కదా ఇంకా మంట. పూర్తిగా చెడ్డదైతే ఈసరికి తిట్టి లేచిపోయేది. కండక్టరమ్మ స్నానాలగదిలో గోడకి పట్టుకునే ఇనపకడ్డీ బిగించింది సంఘమే, కంటి శుక్లాలు తీయించడానికి వ్యానులో తీసుకెళ్ళి తీసుకొచ్చింది సంఘమే, మధ్యాహ్నం పూట వేడి అన్నం డబ్బా తలుపు దగ్గరికి వచ్చేది సంఘం నుంచే, నడవడానికి నాలుగు కాళ్ళ కర్ర ఇచ్చింది సంఘమే. అన్నీ ఇస్తారు. ఇవ్వనిది ఒక్కటే, ఇచ్చే అవకాశం.

నడవా చివర హాల్లో కసరత్తు నడుస్తోంది. "చేతులు పైకి... కిందికి... అమ్మగారూ, నవ్వుతూ చెయ్యాలి!" అంటున్నాడు నేర్పించే కుర్రాడు. "చేతులెత్తమన్నావ్, ఎత్తాం. నవ్వడం ఎందుకు, ఫొటో తీస్తావా?" అని ఆ గొంతు. వందమంది మధ్య నిలబడి అరిచి అరిచి గరుకెక్కిన గొంతు, గుసగుసగా చెప్పినా నడవా ఈ కొసదాకా వినిపిస్తుంది. చిట్టి దారం నమలడం ఆపి తల అటు తిప్పింది. అవునే, నీ డక్టమ్మే, మన కండక్టరమ్మే. ఆవిడకి తెలియదు మనం ఇక్కడ ఉన్నామని. చెప్పొద్దన్నారు. పెద్దావిడ బాధపడతారు, నెమ్మదిగా మేమే చెబుతాం అన్నారు. అవును మరి, ఆవిడ గురించి ఏం చెప్పినా ఆవిడకి చివర్నే చెప్పాలి. మొదటిరోజు వాళ్ళింటికి వెళితే తలుపు తీసి ఎగాదిగా చూసి, "ఎవరు నువ్వు? సంఘమా? మొన్నటి సంఘం లావుగా ఉండేది" అంది. నియమం గుర్తుండీ నోరు జారింది, అమ్మమ్మా అనేసింది తను. "ఏయ్, టికెట్ లేకుండా చుట్టరికం ఎక్కకు! కండక్టరమ్మా అను, వీధంతా అలాగే అంటారు." బస్సు కండక్టరుగా జుట్టు నెరిసిందాకా తిరిగిన మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, "ఎక్కినవాళ్ళంతా నా పిల్లలే, దిగాక ఎవరూ వెనక్కి చూడలేదు, పిల్లలంటే అంతే కదా" అని తనే నవ్వింది. అమ్మగారూ అంటే ఒప్పుకోలేదు, అమ్మమ్మా అంటే ఒప్పుకోలేదు. చిట్టి మాత్రం ఏమీ అనలేదు, బల్లకింద దూరి మోకాళ్ళమీద గడ్డం ఆనించుకుంది.

చిట్టి ఏమీ అనదు. అదే కదా గుండెల్లో కుంపటి. ఇంట్లో, తలుపు వేశాక, అమ్మ చెవిలో మాత్రం గలగల మాట్లాడుతుంది, గడప దాటితే పెదాలు కుట్టేసినట్టే. నాన్న ఎదురుగా కూడా గుసగుసే. డాక్టరు అదే వస్తుందిలే ఆగండి అన్నాడు, ఆగుతోంది, ఎంతకని ఆగుతుంది, మాటేమైనా బస్సా ఆలస్యంగా నడుస్తోందనుకోవడానికి. బాలవాడి ఆయమ్మ రెండు వారాలు చూసి, కడుపు నొప్పి అని కూడా చెప్పలేని పిల్లని మేమెలా చూసుకుంటామమ్మా, మాటలొచ్చాక తీసుకురా అంది. మాటలొచ్చాక! ఈత వచ్చాక నీళ్ళలో దిగమన్నట్టు. అత్తగారైతే, "నీ నోరే లేదు, నీ కూతురికెక్కణ్ణుంచి వస్తుంది" అని ఊరుకుంది. ఆ మాట ముల్లులా దిగింది, నిజం గనక దిగింది. తనకెప్పుడు నోరుంది? అమ్మ మంచాన పడ్డప్పుడు తమ్ముళ్ళని చూసే దిక్కులేక ఇక బడికి వద్దులేవే అంటే, వెళతానని అనలేదు. సైన్సు పుస్తకంలో గుండెబొమ్మ దగ్గర నెమలీక పెట్టి మూసింది, ఇవాళ్టికీ ఆ పాఠంలో గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియదు. సంబంధం వచ్చినప్పుడు ఎవరూ ఏమిటీ అని అడగలేదు, కాన్పు గదిలో నర్సు ఎందుకలా అరుస్తావని కసిరితే అరవడం కూడా మానేసింది. అలా మింగిన మాటలన్నీ కడుపులో పిల్లకి వెళ్ళాయేమో, అదీ మింగడమే నేర్చుకుందేమో. అర్ధరాత్రి మెలకువ వస్తే ఇదే ఆలోచన. ఆయన గిడ్డంగిలో రాత్రి పని, పగలు నిద్ర, అందుకే చిట్టిని వెంట తిప్పుకుంటానని మేడమ్‌ని బతిమాలింది. పెద్దవాళ్ళకి పిల్లలంటే ఇష్టం, తీసుకురామ్మా, ఫొటోలు కూడా బాగుంటాయి అంది మేడమ్. బాగానే వచ్చింది ఫొటో.

చిట్టిని బల్లకిందనుంచి రమ్మని కండక్టరమ్మ ఒక్కసారి కూడా అనలేదు. అందరూ ఏం పేరు, ఏం పేరు అని గడ్డం పట్టుకుని ఊపుతారు, ఆవిడ అసలు చూడనే లేదు. కుర్చీలు వరసగా వేయించింది, తను ముందు నిలబడి, "ముందుకి జరగండి, ముందుకి! ఏం బాబూ, వెనక ఏమైనా వడ్డిస్తున్నారా?" అని ఖాళీ కుర్చీలని కసిరింది. "కాళ్ళకి కసరత్తు చెయ్యమన్నారుగా మీ వాళ్ళు, ఇదే నా కసరత్తు." ఆ తర్వాత తన పాత దారిలో ఆగే చోట్లన్నీ ఒక్కొక్కటే అరిచింది. గడియార స్తంభం. పాత వంతెన. పాలకేంద్రం. జైలు గోడ. కొత్త ఆస్పత్రి. ప్రతి చోటా ఈల. ఒకటి ఊదితే ఆగాలి, రెండు ఊదితే కదలాలి. తనేమో కుర్చీలో కూర్చుని ఎక్కుతూ దిగుతూ సిగ్గుతో చచ్చిపోయేది, ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకుంటారని. వారం వారం అదే ఆట, బల్లకింద అదే మౌనం. ఒకరోజు కండక్టరమ్మ గడియార స్తంభం అంది, పాత వంతెన అంది, జైలు గోడ అంది. అంతే, బల్లకింద నుంచి కోపంగా, ఎంత కోపంగా అని, "పాలకేంద్రం!" అని వినిపించింది. తను గబుక్కున వంగి బల్లకింద చూసింది. కండక్టరమ్మ మాత్రం వెనక్కి కూడా తిరగలేదు, "అమ్మో, మర్చేపోయాను, పాలకేంద్రం వాళ్ళు దిగాలి, దిగండి దిగండి" అని ఒక్క ఈల ఊదింది. అంతే. ఆహా ఓహో అనలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు మెట్లు దిగుతూ తను ఏడుస్తోంటే చిట్టి చెవిలో అంది, డక్టమ్మకి దారి సరిగ్గా రాదమ్మా, నేను చెప్పాలి అని. నిజంగా మర్చిపోయిందో, కావాలనే వదిలేసిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే, "జీవితమంతా తిరిగిన దారి మర్చిపోతానా?" అంది, అని కిటికీలోంచి చాలాసేపు చూసింది. ఈమధ్య ఇంకో రెండు చోట్లు కూడా వదిలేస్తోంది. చిట్టి ఒక్కటీ వదలదు.

అలాంటి మనిషి దగ్గర నీళ్ళు తాగకూడదు! టీ కోసం జరిగిన యుద్ధం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది పాపం, పళ్ళెంలో కాస్త ఒలికింది, వద్దండీ నియమం అంది తను కుక్కిన పేనులా. కండక్టరమ్మ ముఖం మాడిపోయింది. "నేను ముష్టిదాన్నటే? మీరు పెడితే తినాలి, మీరు కట్టిస్తే పట్టుకోవాలి, మీరు తోలితే వ్యానెక్కాలి. నా చేత్తో ఓ గ్లాసెడు టీ ఇస్తే మాత్రం చెడిపోతారా? రేపటి నుంచి నువ్వు రాకు." తాగింది. వేడిగా, తీపెక్కువై ఉన్నా ఒక్క గుక్కలో తాగేసింది తను. ఆ పూటే కుర్చీలన్నీ సర్దాక, తన మెడలోని ఈల తీసి చిట్టి మెడలో వేసింది కండక్టరమ్మ. "నాకు ఊపిరి చాలడం లేదే. బస్సుకి ఒక్క కండక్టరే ఉండాలి. ఇవాళ్టి నుంచి నువ్వే." అప్పుడు చిట్టి ముఖం చూడాలి. ఏ నియమం ఉన్న మనిషైనా, ఏ కమిటీ అయినా, ఆ ముఖం చూసి ఆ దారం తీసి వెనక్కి ఇవ్వగలడా? ఇవ్వగలరేమో. వాళ్ళ చేతులకి బాగా అలవాటయింది, ఇవ్వడానికీ లాక్కోవడానికీ అదే చెయ్యి.

నిన్న ఫోనులో మేడమ్ గొంతు వెన్నలా ఉంది. "నువ్వు మంచిదానివని నాకు తెలుసమ్మా. కానీ ఈల రేపు తెచ్చి ఇచ్చెయ్యి, మేం ఆవిడకి చేరుస్తాం. నీకు వేరే వీధి ఇస్తాను, ఆ ఇంటికి వేరే అమ్మాయి వెళుతుంది. వస్తువు విలువ కాదు, నియమం అందరికీ ఒక్కటే కదా." ఆవిడని అడిగారా మేడమ్, అని అనాలి. రాత్రంతా అదే నేర్చుకుంది, బళ్ళో పద్యం అప్పజెప్పబోయే పిల్లలా. ఇచ్చింది ఆవిడ కదా, ఆవిడని అడగండి. బాగానే ఉంది మాట, చిన్నదే, ఎక్కడా తడబడే అక్షరం లేదు, కానీ గొంతుదాకా వచ్చి పాత అలవాటున అక్కడే కూర్చుంటోంది. అంటే ఏమవుతుంది? పని పోతుంది. అనకపోతే? ఈల పోతుంది, కుర్చీల బస్సు పోతుంది, మళ్ళీ బల్లకింద దూరుతుంది పిల్ల, ఈసారి దూరితే ఎవరు వెనక్కి తిరగకుండా పిలుస్తారు దాన్ని? ఈసారి పాలకేంద్రం ఎవరు మర్చిపోతారు దానికోసం? కోపం కాళ్ళలో మొదలై మోకాళ్ళు ఊగుతున్నాయి, ఒళ్ళో చిట్టి కూడా ఊగుతోంది, బస్సులో కూర్చున్నట్టు. మేడమ్ మీద కోపం, ఇల్లు రాయించుకున్నవాడి మీద కోపం, ఫొటో తీసినవాడి మీద కోపం, నవ్వుతున్న ఆ పోస్టరు మీద, తిరిగినా గాలి ఇవ్వని ఫ్యాను మీద, అన్నిటికన్నా బల్ల అంచు పట్టుకుని ముడుచుకున్న తన చేతుల మీద.

తలుపు తెరుచుకుంది. మేడమ్ లోపలికి రమ్మనకుండా తనే బయటికి వచ్చింది, పిల్ల ముందు వంగి కూర్చుంది. పాపం, మోకాలు కలుక్కుమంది కాబోలు, మొహం చిట్లించి మళ్ళీ నవ్వింది. "చిట్టీ, ఆ ఈల ఆంటీకి ఇస్తావా? ఆంటీ నీకు ఇంకో బొమ్మ కొనిపెడుతుంది." చెయ్యి చాపింది. తను నోరు తెరిచింది. ఇచ్చింది ఆవిడ కదా. మాట గొంతు గట్టుమీద కూర్చుని దిగనంటోంది. ఛీ, ఏం బతుకు! మేడమ్ వేళ్ళు దారాన్ని తాకాయి.

చిట్టి ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. ఒక్కటే. పొడుగ్గా, చెవులు చిల్లులు పడేలా, ముఖమంతా ఎర్రబడేదాకా.

హాల్లో కసరత్తు ఆగిపోయింది. "ఎవరది?" అంది ఆ గొంతు. "బండెవరు ఆపారు?" టకటకమని నాలుగు కాళ్ళ కర్ర చప్పుడు, నడవా పొడుగునా, తొందరలేని నడక, అందర్నీ తప్పుకోమనే నడక. వెనక ఇంకొందరు ముసలివాళ్ళు తలుపు దగ్గర పోగయ్యారు. కండక్టరమ్మ వచ్చి నిలబడింది. మేడమ్‌ని చూసింది, చాపిన చెయ్యి చూసింది, తనని చూసింది. "ఏమైందే?"

"నన్నడుగుతున్నారు," అంది తను. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, పగిలిన పళ్ళెంలా. "ఇచ్చింది మీరైతే నన్నడుగుతున్నారు. ఈల ఇచ్చెయ్యాలట, నేనింక మీ ఇంటికి రాకూడదట, మీకు చెప్పకూడదట!" ఇంకా ఏదో అరిచింది, టీ గురించి, నీళ్ళ సీసా గురించి, ఎవడో ఇల్లు రాయించుకున్నవాడి గురించి, ఆ ముక్కలు ఏ వరసలో వచ్చాయో తనకే తెలియదు, నెమలీక పెట్టి మూసిన దగ్గర్నుంచీ పోగైనవన్నీ తోసుకుంటూ దిగుతున్నాయి.

"అమ్మగారూ, ఇది మీ క్షేమం కోసమే," అంది మేడమ్ లేచి నిలబడి. "నియమం ఒకరికి సడలిస్తే..."

"సడలించకు. నువ్వు నియమం తప్పితే నేనే ఒప్పుకోను, నేనూ ఉద్యోగం చేసినదాన్నే. ఇన్నేళ్ళు మీరిచ్చినవన్నీ తీసుకున్నాను, ఒక్కటి నేనిస్తే దొంగసొత్తయిందా? సరే. నన్ను దింపేయండి. నా పేరు కొట్టేయండి. సంఘంలో లేని ముసలిదాని ఇంటికి ఎవరొస్తే మీకేం, ఏం పట్టుకుపోతే మీకేం?"

"అన్నం డబ్బా ఎవరు తెస్తారు మీకు?" అని అరిచింది తనే, మేడమ్ కాదు. "ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు? బుద్ధుందా మీకు? అంతా పొగరు!"

"ఉంది. ఆ పొగరొక్కటే వీళ్ళిచ్చింది కాదు." కండక్టరమ్మ కర్రని పోస్టరు కింద గోడకి ఆనించి, గాలిలో చెయ్యి ఆడిస్తూ వెతుక్కుంది, తన భుజం దొరికింది, పట్టుకుంది. ఎంత బరువు! ఎముకల గూడులా కనపడే మనిషికి ఇంత బరువేమిటి? ఈ బరువు ఇక రోజూ తన భుజం మీదేనా, ఆ మూడంతస్తుల మెట్లు, ఆ మందులు, ఆ మరుపు, రేపు దారంతా మర్చిపోతే? ఎవర్ని అడిగి దిగింది ఈవిడ, తననొక్క మాట అడిగిందా? కోపం ఎక్కడికీ పోలేదు, చోటు మారింది అంతే, కానీ ఆ చేతిని విదిలించబుద్ధి కాలేదు, ఇంకాస్త గట్టిగా నడుం పట్టుకుంది.

గుమ్మం మెట్ల దగ్గరికి వచ్చేసరికి మేడమ్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "కర్ర తీసుకెళ్ళండి అమ్మగారూ, దీనికి నియమం లేదు, పడిపోతారు." కళ్ళలో నీళ్ళున్నాయి, నటన కాదు, అది చూస్తే ఇంకా ఒళ్ళు మండింది తనకి.

"తీసుకుంటాను," అంది కండక్టరమ్మ. "రేపు మా ఇంటికొచ్చి ఓ గ్లాసెడు టీ తాగుతావా?"

మేడమ్ కర్రని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పాపం, నీ స్టాపు ఇంకా రాలేదు." కండక్టరమ్మ ముందున్న మెట్టుని కాలితో తడిమింది. తను ఇంకో చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "నెమ్మదిగా, కండక్టరమ్మా, నెమ్మదిగా."

"కండక్టరు నేను కాదు, అదీ," అంది ముసలామె, చిట్టి వైపు గడ్డం చూపిస్తూ. "నన్ను అమ్మమ్మా అని పిలిచి ఏడు. ఇక టికెట్ అడిగేవాళ్ళు లేరు."

చిట్టి వాళ్ళకంటే ముందే దిగి రోడ్డు మీద నిలబడింది. ఈల నోట్లో ఉంది, ఊదలేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నా, గుమ్మంలో ముసలివాళ్ళంతా చూస్తున్నా ఊదలేదు. ఆఖరి మెట్టు మీంచి అమ్మమ్మ రెండో కాలు కూడా నేల మీద సరిగ్గా ఆనిందాకా కళ్ళార్పకుండా చూసింది.

అప్పుడు ఊదింది, రెండు.